తువ్వాల కింద విమానం

విమానాలు ఎలా కూలుతాయో లెక్కగట్టడం నా ఉద్యోగం. ఈ మాట పెళ్ళి భోజనాల్లో చెబితే పక్కాయన తన విస్తరి కాస్త అవతలికి జరుపుకుంటాడు. రాంగోపాల్‌పేట్‌లో మా స్టీలు సామాన్ల దుకాణం గద్దె మీద కూచునే అమ్మ గిరాకీలకు ఇంకో రకంగా చెబుతుంది. "మా బిడ్డ విమానాల ఆఫీసుల చేస్తది." గిరాకీ "ఏం చేస్తదమ్మా?" అని అడిగితే, "గంజుకు మూత గావాల్నా, వద్దా?" అని మాట మార్చేస్తుంది. కూలడం అన్న మాట దుకాణంలో, అందునా బోణీ కాకముందు, ఎవరి నోటా రాకూడదు.

నేను పెరిగింది ఆ గద్దె పక్కనే. నాకు నడక కంటే ముందు బేరం వచ్చిందని అమ్మ అంటుంది. ఆ మాటను సగానికి తగ్గించుకోవాలి. మా ఇంట్లో ఏ మాటకైనా అదే పద్ధతి. అయినా అలవాటు ఎంత లోతుకు దిగిందంటే, ఒకసారి జ్వరం చూసి డాక్టరు "నూట రెండు" అంటే "నూటొకటి చేసుకోండి సార్" అన్నాను. పాపం, ఆయన థర్మామీటరు మళ్ళీ వెలుతురుకు పట్టి చూశాడు. నూటొకటిన్నర దగ్గర ఇద్దరం ఒప్పుకున్నాం. ఒళ్ళు కాలిపోతున్నా, అర డిగ్రీ మిగిల్చానన్న తృప్తితో ఇంటికొచ్చి పడుకున్నాను.

ఇలాంటి మనిషికి గణాంకశాస్త్రంలో డిగ్రీ ఇవ్వడం కాలేజీ చేసిన పొరపాటు. ఆ డిగ్రీ చూసి ఉద్యోగం ఇవ్వడం మా మేడమ్ చేసిన పొరపాటు. మా పనిలో దీన్నే వరుస అంటాం. ప్రమాదం ఒక్క తప్పుతో రాదు. ఒక చిన్న తప్పు, దాని వెనకాల ఇంకో చిన్న తప్పు, దాని వెనకాల "పోనీలే" అనుకున్న ఒక మనిషి.

ఆఫీసు సికింద్రాబాద్ స్టేషనుకు పది నిమిషాల నడక. పాత భవనంలో రెండో అంతస్తు. కింద పెళ్ళిళ్ళ బ్యాండువాళ్ళ గది. పొద్దున పదకొండుకు వాళ్ళ సాధన మొదలవుతుంది. పైన మేడమ్ తెల్లబోర్డు మీద ఇంజన్‌కు నిప్పంటుకునే దారి గీస్తుంటే, కింద బారాత్ పాట దంచుతుంటారు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు మొదటి రోజు కిటికీ మూస్తారు. వారం తిరిగేసరికి కాలు ఆడిస్తారు.

మేము చేసే పని చెప్పుకోవడానికి సులువే. ఒక ప్రమాదం ఎలా జరగొచ్చో కాగితం మీద డబ్బాలుగా గీస్తాం. విమానం దిగడానికి వస్తోంది, వేగం ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉంది. ఇది మొదటి డబ్బా. దాన్నించి రెండు బాణాలు: పక్క సీట్లో ఉన్న కో-పైలట్ గమనించాడు, గమనించలేదు. గమనిస్తే మళ్ళీ రెండు: చెప్పాడు, చెప్పలేదు. చెబితే ఇంకో రెండు: కెప్టెన్ విన్నాడు, వినలేదు. వింటే విమానం దిగడం మానేసి మళ్ళీ పైకి లేస్తుంది, ఒక చుట్టు తిరిగి నింపాదిగా వచ్చి దిగుతుంది. దాన్ని వాళ్ళు గో అరౌండ్ అంటారు. వినకపోతే, రన్‌వే చాలిందా లేదా అన్నది చివరి డబ్బా. ప్రతి బాణం మీదా ఒక అంకె పడాలి. పదిసార్లలో ఎన్నిసార్లు ఇటు, ఎన్నిసార్లు అటు. అన్నీ పడ్డాక, ఎక్కడ అడ్డం పెడితే ఎక్కువ ప్రాణాలు దక్కుతాయో కంప్యూటర్ చెబుతుంది.

వేగం, ఎత్తు లాంటివాటి అంకెలు విమానమే రాసిపెడుతుంది. మనిషి నోరు తెరవకపోవడాన్ని మాత్రం ఏ యంత్రమూ రాసిపెట్టదు. అలాంటి చోట అనుభవం ఉన్నవాళ్ళను అడిగి అంకె తెచ్చుకోవాలి. ఆ అడిగే పని నాది. "నువ్వు ఎవరి దగ్గర్నుంచైనా ఏదైనా రాబట్టగలవు" అని మేడమ్ నన్ను తీసుకుంది. రాబట్టాను కూడా. రాబట్టింది ఎవరి సరుకన్నది తర్వాత బయటపడింది.

ఆ ఏడాది ఒక విమాన కంపెనీ మాకు పని ఇచ్చింది. వాళ్ళ దగ్గర కో-పైలట్ "గో అరౌండ్" అంటే అది సలహా. కెప్టెన్‌కు నచ్చితే వింటాడు. దాన్ని మార్చి కొత్త రూలు ఒకటి రాసుకున్నారు: ఇద్దరిలో ఎవరు ఆ మాటన్నా విమానం పైకి లేవాల్సిందే. ఎందుకని గాల్లో అడగకూడదు, దిగాక అడగాలి. రాశారు, రాసి సొరుగులో పెట్టారు. సలహా ఇవ్వడానికి ధైర్యం కావాలి, రూలు అప్పజెప్పడానికి అక్కర్లేదు కదా. అందుకని మా లెక్కలో "చూశాడు, చెప్పలేదు" అన్న అంకె పెద్దదిగా వస్తే రూలు బయటికి తీస్తారు. చిన్నదిగా వస్తే అది సొరుగులోనే ఉంటుంది.

అడగడానికి ముగ్గురు దొరికారు.

మొదటివారు రిటైరైన కెప్టెన్. కంటోన్మెంట్ వైపు ఇల్లు. గడియారం ముఖం మణికట్టు లోపలివైపుకు పెట్టుకునేవారు. టైము చూసుకున్నప్పుడల్లా మనకేదో దానం ఇస్తున్నట్టు చేయి చాచేవారు. రెండోవారు టవర్‌లో విమానాలకు దారి చెప్పి రిటైరైన కంట్రోలర్. ఆదివారం చర్చి కోయిర్‌లో పాడే మెత్తటి గొంతు. పైలట్లు తను చెప్పింది తిరిగి అప్పజెప్పేదాకా ఊరుకోని ఉద్యోగం కనక, ఆయనకు ఆ అలవాటు ఇంకా పోలేదు. "టీ వద్దమ్మా" అని మన ముఖం చూస్తూ ఆగేవారు. "టీ వద్దు సార్" అని మనం అప్పజెప్పాకే కుర్చీలో వెనక్కి వాలేవారు. మూడో మనిషి మల్కాజ్‌గిరి అమ్మాయి, అదే కంపెనీలో నాలుగేళ్ళుగా కో-పైలట్. ఆమెకు ఒకప్పుడు పరీక్ష పెట్టి పాస్ చేసింది ఈ కెప్టెన్ గారే.

ఆ అమ్మాయిని మొదటిసారి కలిసింది స్టేషను దగ్గర ఇరానీ హోటల్లో. బిస్కట్ టీలో ముంచి, విరిగి పడిపోయేదాకా అలాగే పట్టుకుంది.

"అక్కా, ఆ రూలు రావాలె. నాకు రావాలె."

"ఎందుకు, ఏమైంది?"

"మొన్న ఒక ల్యాండింగ్‌ల స్పీడ్ ఎక్కువుండె. కనబడ్తనే ఉంది. నోటి దాక వచ్చింది, మింగిన. రన్‌వే లాస్ట్‌ల ఆగినం. 'చూసినవా ఎట్ల ఆపిన్నో' అన్నడు కెప్టెన్."

"నువ్వేమన్నావు?"

"నైస్ ల్యాండింగ్ సర్ అన్న." చెంచాతో బిస్కట్ ముక్కను కప్పు అడుగున వెతుకుతోంది. "నెక్స్ట్ టైమ్ గూడ మింగుతనేమో అని భయం. వెనక నూటెనభై మంది కూసుంటరక్కా. వాళ్ళకు తెల్వదు, వాళ్ళ ప్రాణం నా గొంతుల ఉందని."

ఈ ఒక్కటీ గుర్తు పెట్టుకొని ఉంటే బాగుండేది. నేను పెట్టుకోలేదు. బేరంలో దిగితే నాకు సరుకు కనపడదు, బేరమే కనపడుతుంది.

కెప్టెన్ గారి ఇంటికి వెళ్ళాను. "సార్, కో-పైలట్ తేడా చూసి కూడా చెప్పకుండా ఊరుకునేది, పదిసార్లలో ఆరుసార్లు అనుకుందామా?"

"ఆరేంటమ్మా! మరీనూ. మూడు రాసుకో."

నేను మొహం చిన్నబుచ్చుకున్నట్టు పెట్టి మూడు రాసుకున్నాను. లోపల సంబరం. కంట్రోలర్ గారి దగ్గర నాలుగుతో మొదలుపెట్టాను. రెండు దగ్గర తెగింది. అమ్మాయి దగ్గర ఎనిమిదన్నాను, నాలుగంది. బస్సులో కూచుని కాగితం చూసుకుంటే, పొద్దున్నే మంచి బోణీ అయినట్టుంది.

మేడమ్ ఆ కాగితం రెండు నిమిషాలు చూసింది. "నువ్వు ఎంతతో మొదలుపెట్టావు?" అంది. చెప్పాను. నన్ను వారం తర్వాత మళ్ళీ కెప్టెన్ గారి దగ్గరకే పంపింది, ఈసారి ఒకటితో మొదలుపెట్టమని. ఆయన "ఒకటేంటమ్మా, అర" అన్నారు.

"ఇవి వాళ్ళ అంకెలు కావు" అంది మేడమ్. "నీ అంకెలు. సగం చేసి నీకే తిరిగి ఇచ్చారు."

నిజమే. నేను చెప్పిన దానికి సగం అడగడం వాళ్ళ ధర్మం, ఆ సగాన్ని నిజమనుకోవడం నా ఖర్మ. పెద్ద విమానం కూలే దారిని మొత్తం నేనొక్కదాన్నే, నాతో నేనే బేరమాడుకుని కట్టాను. వాళ్ళు ముగ్గురూ నా దుకాణానికి వచ్చిన గిరాకీలు.

అంకె అనే మాట నా నోట రాకూడదని మేడమ్ ఆర్డరేసింది. ముగ్గురినీ ఆఫీసుకు పిలిచి ఒకే బల్ల చుట్టూ కూచోబెట్టింది. ప్రశ్న బోర్డు మీద రాసింది. కింద బ్యాండువాళ్ళు సన్నాయి సవరిస్తున్నారు.

"నా కాక్‌పిట్‌లోనా?" అన్నారు కెప్టెన్ గారు, అందరికంటే ముందు. "చూడమ్మా, ముప్ఫై ఏళ్ళు ఎగరేశాను. అందరూ చెప్పేవాళ్ళు. ఫ్రీగా చెప్పేవాళ్ళు. సున్నా వేసుకోండి."

కంట్రోలర్ గారు పైకప్పు వైపు చూశారు. "కాక్‌పిట్ లోపలి మాటలు టవర్‌కు వినపడవు." ఆగారు. "వినపడవు సార్" అని నేను అప్పజెప్పాను. "కెప్టెన్ గారు ఎంతంటే అంతే" అన్నారు. మళ్ళీ ఆగారు. "ఎంతంటే అంతే" అన్నాను.

మేడమ్ అమ్మాయి వైపు తిరిగింది. అమ్మాయి బిస్కట్ల ప్లేటు వైపు తిరిగింది. "సర్ చెప్పింది కరెక్టే మేడమ్" అంది.

నేను ఆ అమ్మాయి ముఖం చూశాను. ఇరానీ హోటల్లో విన్నదంతా నా నోటి దాకా వచ్చింది. కెప్టెన్ గారు చేయి చాచి టైము చూసుకున్నారు. నేను మింగాను. "ఇంకొంచెం టీ తెప్పించమంటారా సార్?" అన్నాను. బోర్డు మీద ఉన్న ప్రశ్న "చూసి కూడా ఎందరు చెప్పరు?" దాని కింద మేడమ్ సున్నా రాస్తుంటే, చూసి చెప్పనివాళ్ళం గదిలో కనీసం ఇద్దరం ఉన్నాం.

వాళ్ళు వెళ్ళాక మేడమ్ నెత్తి పట్టుకుంది. "శుక్రవారం దాకా చూస్తాను. తర్వాత ఈ సున్నానే పంపాలి."

నేను సగం పూట సెలవు పెట్టి దుకాణానికి పోయాను. కష్టమొస్తే కొందరు గుడికి పోతారు. నేను గద్దె పక్క స్టూలు మీద కూచుంటాను.

అమ్మ అప్పుడు ఒకావిడకు టిఫిన్ క్యారియర్లు చూపిస్తోంది. ఏడోది చూశాక ఆవిడ "మళ్ళొస్తా" అని లేచిపోయింది. నాన్న వెంటనే ఆ ఏడో క్యారియర్‌ను తుడిచి, వెనక అలమరలో జాగ్రత్తగా పెట్టాడు. ఆ అలమర సంగతి చెప్పాలి. "మళ్ళొస్తా" అన్న ప్రతి మనిషి కోసం నాన్న ఆ సామాను పక్కన పెడతాడు. నేను స్కూలుకు పోయే రోజుల్లో "మళ్ళొస్తా" అన్నవాళ్ళ బిందెలు కూడా అందులో ఉన్నాయి. వారానికోసారి దుమ్ము దులుపుతాడు. ఎవరైనా ఆ బిందె అడిగితే "అది వేరేవాళ్ళది" అంటాడు.

నేను అమ్మకు ఆఫీసు సంగతంతా చెప్పాను. కెప్టెన్ గారి సున్నా దగ్గరకొచ్చేసరికి ఆవిడ నవ్వింది.

"ఏందే, గిన్నేండ్లు గద్దె పక్కన కూసున్నవు, గిదే నేర్చినవా? జెర మీ నాయన్నడుగు. ఏమయ్యా, మన దుకాణంల ధర నచ్చక పోయినోళ్ళు ఎంతమంది?"

"ఎవరూ లేరు" అన్నాడు నాన్న అలమర లోపలినుంచి. "అందరు మళ్ళొస్తరు."

"ఇన్నవా? పోయినోళ్ళు ఎందుకు పోయిన్రో చెప్పి పోతరా? చెప్పనిది ఆయనకెట్ల ఎరుక? నీ కెప్టెన్‌కు సుత గంతే. ఆయనకు చెప్పనియ్యి ఆయన లెక్కల ఎట్లుంటయి?"

నాకు చెవుల్లో గంట కొట్టినట్టయింది. ఇంత చదువుకుని, చెప్పనివాటి లెక్కను ఎవరూ ఏమీ చెప్పని మనిషినే అడిగాను. "మరి ఎవర్ని అడగాలె?"

"ఆయన్నే అడుగు. గని దుకాణదారుని లెక్క గాదు, గిరాకి లెక్క అడుగు. మీ నాయన మొన్న చెప్పులు కొన పోయి, కాలు నొస్తున్నా 'బాగున్నయి' అని కొనుక్కొచ్చిండు. గా సంగతి అడిగితే చెప్తడు."

"నొస్తలేదు" అన్నాడు నాన్న.

కెప్టెన్ గారు పుట్టగానే కెప్టెన్ కాదు. ఆయనా ఎన్నో ఏళ్ళు కుడి సీట్లో కో-పైలట్‌గా కూచున్నవారే. అడగాల్సింది ఆ మనిషిని.

"ఇంకోటి" అంది అమ్మ. "నలుగురి ముంగట ధర ఎవడు చెప్తడే? మా నాయన ఎడ్ల అంగట్ల బేరం ఎట్ల తెంపుతుండె, మర్చినవా?"

అమ్మ వాళ్ళ నాన్న పశువుల అంగడిలో మధ్యవర్తి. అక్కడ ఎద్దు ధర ఎవరూ పైకి అనరు. మధ్యవర్తి చేతిమీద తువ్వాల కప్పుతాడు. ఒక్కొక్కరూ దాని కింద చేయి పెట్టి, ఎంతో చెప్పడానికి అన్ని వేళ్ళు పట్టుకుంటారు. ముఖాలు మాత్రం వానల గురించి మాట్లాడుతుంటాయి. ఎవరు ఎంతన్నారో మధ్యవర్తికి తప్ప ఇంకొకరికి తెలియదు. ఎవరి పరువూ పోదు.

"చీటీల మీద రాయిస్తే సరిపోదా?" అన్నాను.

"చీటి దొరుకుతది బిడ్డా. రాత గుర్తు పడ్తరు. వేలుకు రాత ఉంటదా?"

కుక్కర్ కొంటే ఉచితంగా ఇచ్చే గులాబీ రంగు తువ్వాల ఒకటి తీసి గద్దె మీదే నాకు నేర్పింది. ఆరు చెప్పాలంటే అయిదు వేళ్ళూ ఒకసారి పట్టి వదిలి, మళ్ళీ ఒకటి పట్టాలి. సున్నా అయితే పిడికిలి. కుక్కర్ కొనడానికొచ్చిన ఒకాయన మా ఇద్దరి చేతులూ తువ్వాల కింద కదలడం చూసి, ధర అడగకుండానే వెళ్ళిపోయాడు. నాన్న ఆ కుక్కర్‌ను అలమరలో పెట్టాడు.

మేడమ్‌కు చెప్పి, తువ్వాల కూడా చూపించాను. "ఒకరి మాట ఒకరికి వినపడకుండా అడగడం అనే పద్ధతి శాస్త్రంలో ఉంది" అంది. "తువ్వాల మాత్రం లేదు."

శుక్రవారం ముగ్గురూ వచ్చారు. నేను బల్ల చివర కూచుని చేతిమీద గులాబీ తువ్వాల కప్పుకున్నాను. కెప్టెన్ గారు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"ఇదేంటమ్మా? విమానాల సేఫ్టీయా, పెళ్ళి తంతా?"

ఆ మాటకోసమే ఆగినట్టు కింద బ్యాండు మొదలైంది. మేడమ్ కిటికీ మూసింది. డోలు నేలలోంచి వస్తూనే ఉంది.

ప్రశ్న నేనే చదివాను, అంకె లేకుండా. "మీరు చిన్నవాళ్ళుగా, పెద్దవాళ్ళ పక్కన కూచుని పనిచేసిన రోజులు గుర్తు తెచ్చుకోండి. పదిసార్లు తేడా మీ కంటపడితే, ఎన్నిసార్లు అది నోట్లోనే ఉండిపోయింది? ఎన్నిసార్లయితే అన్ని వేళ్ళు. ఎవరి అంకె ఎవరిదో నేను చచ్చినా చెప్పను. మా తాత మీద ఒట్టు."

ముందు కంట్రోలర్ గారు వచ్చారు. ఆయన కూడా మొదటి రోజుల్లో టవర్‌లో సీనియర్ పక్కన కూచున్నవారే. చేయి పెట్టారు, చెప్పారు, చేయి తీయలేదు. నన్నే చూస్తూ ఆగారు. ఎందుకో అర్థమయ్యేసరికి కొంచెంసేపు పట్టింది. అప్పజెప్పాలి! నేను తువ్వాల కింద ఆయన వేళ్ళు అన్నీ తిరిగి పట్టి చూపించాను. "కరెక్ట్" అని వెళ్ళి కూచున్నారు.

అమ్మాయి వచ్చింది. చేయి చల్లగా ఉంది. కెప్టెన్ గారికి వీపు పెట్టి నిలబడి, కళ్ళు మూసుకుని చెప్పింది.

కెప్టెన్ గారు చివర. "ఇదంతా పిల్లలాటమ్మా" అంటూనే చేయి పెట్టారు. పిడికిలి బిగించారు. నేనేమీ అనలేదు. బేరంలో నాకు తెలిసిన విద్యల్లో అన్నిటికంటే కష్టమైనది అదే, ఏమీ అనకపోవడం. కింద బ్యాండువాళ్ళు టీకి ఆగినట్టున్నారు. పిడికిలి విడింది. ఆయన నా వేళ్ళు పట్టుకున్నారు, ఆగారు, మళ్ళీ పట్టుకున్నారు. ఎన్నో చెప్పను, ఒట్టేశాను. అయిపోయాక కూడా చేయి అక్కడే ఉంచి బోర్డు వైపు చూస్తూ అన్నారు: "మా కెప్టెన్ చాలా గొప్ప పైలటమ్మా. ఆయన ముందు నోరు లేచేది కాదు."

తర్వాత తువ్వాల అందుకుని ముఖం తుడుచుకున్నారు. నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చారు. "ఏసీ పెట్టించండి, ఉక్కపోస్తోంది" అన్నారు. డిసెంబరు నెల అది. మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఆ రూలేదో మా రోజుల్లో ఉండాల్సిందమ్మా" అని గబగబా దిగిపోయారు.

మూడు చేతులూ చెప్పినవి: నాలుగు, ఆరు, ఎనిమిది. మేడమ్ సున్నా చెరిపేసి ఆరు రాసింది.

కంపెనీవాళ్ళతో మీటింగుకు నన్నూ తీసుకెళ్ళింది. పెద్ద బల్ల, చన్నీళ్ళ సీసాలు, టై కట్టుకున్న నలుగురు. వాళ్ళలో పెద్దాయన మా కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"మేడమ్, ఆరు కొంచెం ఎక్కువగా ఉంది. నాలుగు పెట్టుకుందామా?"

మొదటి మాటే నాలుగు! ఈయన దగ్గర అయిదున్నర కళ్ళు మూసుకుని తెగుతుంది. నాలుక దురద పెట్టింది. మేడమ్ బల్ల కింద నా చేయి గట్టిగా నొక్కింది. ఎన్ని వేళ్ళు పట్టిందో కూడా తెలియనంత గట్టిగా.

"ఒకటే రేటు సార్" అన్నాను.

ఈ మాట నా జీవితంలో అదే మొదటిసారి. మా దుకాణంలో అలాంటి బోర్డు లేదు, పెడితే అమ్మ ఇల్లు విడిచిపోతుంది.

"అయిదు? అయిదున్నర?"

అర. నేను మిగిల్చిన అర డిగ్రీ గుర్తొచ్చింది. ఆ రోజు దుప్పటి కింద వణుకుతూ, గెలిచానని పడుకున్నాను.

"జ్వరం ఎంతుందో అంతే ఉంటుంది సార్. మనం ఎంతకు ఒప్పుకుంటే అంతకు దిగదు" అన్నాను. ఆయనకు ఏమర్థమైందో తెలియదు. మేడమ్ వైపు చూశాడు. మేడమ్ ఆ ముగ్గురూ ఎవరో, ఎన్నేళ్ళ అనుభవమో చెప్పింది. తువ్వాల సంగతి చెప్పలేదు. నెల తర్వాత రూలు సొరుగులోంచి బయటికొచ్చింది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. ఒక ఆదివారం అమ్మాయి దుకాణానికే వచ్చింది, ముఖం వేలాడేసుకుని.

"రూలు వచ్చిందక్కా. నోరు వస్తలేదు."

"అంటే?"

"సిమ్యులేటర్‌ల బాగనే చెప్తున్న. అక్కడ అందరికి తెలుసు అది ఉత్త విమానమని. నిజంగ ఎవరన్న పెద్దాయన పక్కన కూసుంటే గొంతు పట్టేస్తది. అడగొద్దని రూలు ఆయనకుంది గని, చెప్పనీకి నాకేమున్నది?"

అమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "కూసో బిడ్డా. నేను కెప్టెన్. గీ కుక్కర్ అమ్ముతా. నీకు వద్దు. నన్ను ఆపు. గంతే."

"ఎట్ల ఆపాలె ఆంటీ?"

"విమానంల ఏమంటవో గదే అను."

అమ్మ మొదలుపెట్టింది. మా అమ్మ అమ్మకం మొదలుపెడితే దేవుడు కూడా ఒక గరిటె కొనుక్కుని పోతాడు. కుక్కర్ అడుగు మందం, ఈలలోని నెమ్మది, ఎదురింటావిడ దగ్గర ఇలాంటిదే చెక్కుచెదరకుండా ఉన్న వైనం. అమ్మాయి రెండుసార్లు నోరు తెరిచి మూసింది. ఆ రోజు ఒక కుక్కర్, రెండు టిఫిన్ క్యారియర్లు, ఒక ఇడ్లీ గిన్నె కొనుక్కుని ఆటో ఎక్కింది. "ల్యాండింగ్ బాగైంది ఆంటీ" అని కూడా అనేసింది, అలవాటుకొద్దీ.

రెండో ఆదివారం నాలుగు డబ్బాలతో బయటపడింది. మూడో ఆదివారం "గో... గో..." దాకా వచ్చింది. అమ్మ "ఏందీ? వినబడలే, జెర గట్టిగ" అంటూ డబ్బాల్లో డబ్బాలు దూర్చి చూపిస్తూనే ఉంది. మల్కాజ్‌గిరిలో వాళ్ళింట్లో స్టీలు సామాను పెట్టడానికి చోటు లేదని అమ్మాయి నాకు ఫోను చేసింది. నాన్నకు ఆ అమ్మాయంటే ప్రత్యేకమైన గౌరవం ఏర్పడింది. నిజంగానే మళ్ళీ వచ్చిన గిరాకీ ఆయన జన్మలో అంత వరసగా చూసి ఉండడు.

నాలుగో ఆదివారం దుకాణం నిండా జనం. పెళ్ళి సామాన్లకు ఒక కుటుంబం వచ్చింది. అమ్మ అయిదు లీటర్ల కుక్కర్‌ను ఎత్తి, మూత బిగించి, "గిది చూడు బిడ్డా, దీని అడుగు..." అంటుండగా అమ్మాయి లేచి నిలబడింది.

"గో అరౌండ్!"

పెళ్ళికూతురి మేనత్త చేతిలో పళ్ళాలు కింద పడ్డాయి. నాన్న అలమరకు అడ్డంగా నిలబడ్డాడు. అమ్మ మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపేసి, కుక్కర్‌ను అలాగే తీసుకెళ్ళి, స్టూలెక్కి పైన అరలో పెట్టేసింది. ఎందుకని అడగలేదు. రూలు. కిందికి దిగాక, "ఏమైంది బిడ్డా?" అని నెమ్మదిగా అడిగింది.

"స్పీడ్ ఎక్కువైంది ఆంటీ" అంది అమ్మాయి. నవ్వుతోంది. ఆ రోజు ఏమీ కొనకుండా పోయింది. ఒక గిరాకీ ఉత్త చేతులతో పోతుంటే అమ్మ సంతోషపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత ఆరేడు వారాలకు, పొద్దున్నే, బోణీ ఇంకా కాలేదు, అమ్మాయి ఫోను చేసింది. నేను స్పీకర్‌లో పెట్టాను.

"చెప్పిన అక్కా. నిన్న. స్పీడ్ ఎక్కువుండె, ఎత్తు గూడ ఎక్కువుండె. పెద్దాయన, ఫుల్ సీనియర్. గో అరౌండ్ అన్న."

"ఆయన?"

"లేపిండు. ఒక్క ముక్క అడగలే. తిరిగొచ్చి మంచిగ దిగినం. వెనక జనం లేటైందని తిట్టుకుంట దిగిన్రు."

"దిగాక అడిగాడా ఎందుకని?"

"కాఫీ తాగుతవా అనడిగిండు."

నూటెనభై మంది విసుక్కుంటూ సామాన్లు దింపుకుని, క్యాబ్‌ల కోసం తిట్టుకుంటూ ఇళ్ళకు పోయి ఉంటారు. మా డబ్బాల కాగితం మీద దానికి పేరు లేదు. బాణం అక్కడితో ఆగిపోతుంది.

అమ్మ గద్దె తుడుస్తున్న గుడ్డ ఆపి, ఫోను వైపు వంగింది.

"ఎన్నోసారి చెప్తే విన్నడు బిడ్డా?"

"ఫస్ట్ టైమ్‌కే ఆంటీ."

"మొదటి మాటకే?"

"మొదటి మాటకే."

అమ్మ ముఖంలో సంతోషం నిలవలేదు. మొదటి మాటకే అవతలివాడు ఒప్పుకుంటే మా ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. గుడ్డ భుజం మీద వేసుకుని, నావైపు తిరిగి, గొంతు తగ్గించి అంది:

"అయ్యో... అంత సులువుగ ఒప్పుకున్నడా? ఇంకేమన్న సుత అడగాల్సిండె గదనే."